మల్లె, వట్టివేరు, తొలకరి, సాంబ్రాణి: ఇంటి వాసనలు దాచుకోవడం ఎలా?

సాంబ్రాణి పొగ ముక్కుకు తగిలితే చాలు, ఆదివారం తలంటు, తడి జుట్టు, బోర్లించిన వెదురుబుట్ట కింద నిప్పుల కుండ అన్నీ వరసపెట్టి వచ్చేస్తాయి. కానీ ‘తలంటు’ అన్న మాట ఎన్నిసార్లు విన్నా సాంబ్రాణి వాసన ముక్కుకు రాదు. వాసన పట్టుకుని జ్ఞాపకం దాకా వెళ్లడం తేలిక, జ్ఞాపకం పట్టుకుని వాసన దాకా వెళ్లడం చాలామందికి కుదరదు. అందుకే ఒక ఇంటి వాసన, ఒక కాలపు వాసన మళ్లీ కావాలంటే దాన్ని వస్తువు రూపంలోనే దాచుకోవాలి. ఫొటోలు తీసి పెట్టుకున్నంత తేలిక కాదు గానీ, మరీ కష్టమూ కాదు.

వాసనకు ఇంత పట్టు ఎందుకంటే అది మెదడులోకి వెళ్లే దారి వేరు. చూపు, వినికిడి, స్పర్శ థాలమస్ అనే కూడలిలో ఆగి, అక్కడి నుంచి మెదడు పైపొరకు వెళతాయి. వాసన ఆ కూడలిలో ఆగాల్సిన పనిలేదు. ముక్కు పైకప్పులో ఉన్న నరాల నుంచి ఘ్రాణ గోళానికి, అంటే వాసనల కబురు మొదట అందుకునే మెదడు భాగానికి, అక్కడి నుంచి నేరుగా ఉద్వేగాలు చూసుకునే అమిగ్డలాకు, జ్ఞాపకాలు అల్లే హిప్పోక్యాంపస్ పరిసరాలకు చేరుతుంది. మనుషుల ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వీటి జన్యువులను 1991లో బయటపెట్టిన శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో మన పనికి వచ్చే విషయం ఒకటే. ఒక వాసన మొదట దేనితో ముడిపడుతుందో ఆ ముడి గట్టిగా ఉంటుంది. రోజంతా, అన్ని గదుల్లో, అన్ని పనులకూ ఒకే వాసన కొడుతుంటే అది దేనికీ ముడిపడదు. హాల్లో, బాత్రూంలో, కారులో ఒకే రూం ఫ్రెషనర్ వాడేవాళ్లకు ఇరవై ఏళ్ల తర్వాత ఆ వాసన ఏ రోజునూ గుర్తు చేయదు. బాత్రూం గుర్తొస్తే గొప్ప.

ముందు మీ ఇంటి వాసన మీరు పట్టుకోండి

ఎవరి ఇంటి వాసన వాళ్లకు తెలియదు. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు గుమ్మంలోనే తెలిసే వాసన, అరగంట కూర్చున్నాక ఏమవుతుందో గమనించే ఉంటారు.

కాబట్టి నాలుగైదు గంటలు బయట ఉండి వచ్చిన రోజు ఈ పని పెట్టుకోండి. ఊరినుంచి తిరిగొచ్చిన రోజైతే ఇంకా మంచిది. తలుపు తీసిన మొదటి అర నిమిషంలో తట్టినవి కాగితం మీద రాయండి. ‘మంచి వాసన’, ‘అదోరకం వాసన’ అని రాస్తే తర్వాత పనికిరాదు. వస్తువు పేరు రాయండి: ఇంగువ, పాత బియ్యం, ఎండిన దుప్పటి, చెక్క బీరువా, కొబ్బరినూనె, దేవుడి గూటిలో ఆరిన వత్తి. జలుబు ఉన్నప్పుడు వద్దు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేముందు మోచేతి మడతలో మీ చర్మం వాసనే రెండుసార్లు పీల్చండి. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేటపడుతుందని అత్తరు కొట్లలో చెబుతారు గానీ, ఉత్త గాలి పీల్చినా అంతే ఫలితం.

ఈ జాబితాలో తడిగుడ్డ, సింకు గొట్టం, కలరా ఉండలు గనక వచ్చి ఉంటే ముందు వాటి సంగతి చూడండి. వాటిమీద ఎంత మంచి వాసన చేర్చినా రెండూ కలిసి మూడో కంపు పుడుతుంది. కలరా ఉండలైతే అసలు వదిలేయడమే మేలు. వాటిలోని నాఫ్తలీన్ అన్ని వాసనలనూ కప్పేస్తుంది. పైగా జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఆ ఉండలతో కలిపి ఉంచిన బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది.

ఒక వాసనకు ఒక వేళ

జాబితాలోంచి మూడో నాలుగో ఎంచుకుని ఒక్కోదానికి ఒక్కో వేళ కేటాయించండి. ఎండాకాలం మధ్యాహ్నానికి వట్టివేరు, సాయంత్రానికి మల్లె, వారానికి ఒకరోజు సాంబ్రాణి. ఆ వేళ దాటాక ఆ వాసన ఇంట్లో ఉండకూడదు. క్రమశిక్షణంతా ఇక్కడే కావాలి. బాగుంది కదా అని రోజూ వెలిగిస్తే రెండు నెలల్లో ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది.

ఇక ఒక్కొక్కటే చేద్దాం. అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పట్టేది మల్లె, అందుకే దానితో మొదలు.

మల్లె వాసనను నువ్వుల్లోకి ఎక్కించడం

మల్లె కోసిన తర్వాత కూడా వాసన తయారు చేస్తూనే ఉంటుంది. పొద్దున కోసిన మొగ్గకు మధ్యాహ్నం ఏ వాసనా ఉండదు. సాయంత్రం ఆరు దాటి రేకులు విచ్చుకునేటప్పుడు మొదలై రాత్రంతా వస్తుంది. గులాబీని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పన్నీరు తీయొచ్చు. మల్లెను అలా మరిగిస్తే ఉడికిన ఆకుకూర వాసన మిగులుతుంది. వేడికి ఆగని పువ్వు ఇది. కాబట్టి మనం పువ్వును ఏమీ చేయకూడదు, అది వాసన వదులుతుంటే పక్కన కొవ్వు పదార్థం పెట్టి పట్టుకోవాలి.

నువ్వులో సగం బరువు నూనే. నూనె వాసనను పీలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్, జౌన్‌పూర్‌లలో పాతకాలం నుంచి తలనూనె ఇలాగే చేశారు: నువ్వుల మధ్య పూలు పరిచి, వాడినవి తీసి కొత్తవి వేస్తూ, చివరికి ఆ నువ్వులను గానుగ ఆడించేవారు. ఇంట్లో చేసే పావుకిలోకు గానుగ ఆడరు. మనకు ఆ నువ్వులే చాలు. నలుగుపిండిలో కలుపుకోవచ్చు, గుడ్డలో మూటకట్టి బట్టల్లో పెట్టుకోవచ్చు.

కావలసినవి: పొట్టు తీసిన తెల్ల నువ్వులు పావుకిలో, మల్లెమొగ్గలు రోజుకు 100 గ్రాముల చొప్పున 5 రోజులకు, పలచని మల్లుగుడ్డ ముక్కలు రెండు, మూత ఉన్న వెడల్పాటి స్టీలు డబ్బా. కట్టిన మాల వద్దు, విడిపూలు తీసుకోండి. దారానికీ, మధ్యలో కట్టే ఆకుకూ వేరే వాసన ఉంటుంది. మైలవరం లాంటి చోట్ల నుంచి మొగ్గలు ఎక్కువగా దిగే మార్చి నుంచి జూన్ మధ్య ఈ పని పెట్టుకుంటే ధర కూడా అందుబాటులో ఉంటుంది.

మొదటి రోజు నువ్వులు కడిగి ఒక పూటంతా ఎండబెట్టండి. వేయించొద్దు. వేయించిన నువ్వుల కమ్మదనం ముందు మల్లె నిలవదు. ఎండలోంచి తీసిన గింజలు పూర్తిగా చల్లారాలి.

సాయంత్రం అయిదింటికి మొగ్గల కాడలు తుంచి పొడిగుడ్డ మీద అరగంట ఆరనివ్వండి. పూలకొట్లో వాడకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు. ఆ తడితోనే డబ్బాలో పెడితే మూడో రోజుకు నువ్వులకు బూజు ఖాయం. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు డబ్బా అడుగున సగం నువ్వులు వేలి కణుపంత మందంగా పరవండి. పైన గుడ్డ, గుడ్డ మీద మొగ్గలు, మళ్లీ గుడ్డ, దానిపైన మిగతా నువ్వులు. గుడ్డ వేయకపోయినా వాసన ఎక్కుతుంది గానీ, పొద్దున్నే గింజల్లోంచి రేకులు ఏరడంతోనే ప్రాణం పోతుంది. మూత బిగించకుండా ఓరగా పెట్టి, మూతకింద మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. రాత్రి పూలు వదిలే చెమ్మను తువ్వాలు పీలుస్తుంది.

పొద్దున ఏడింటిలోపు పూలు తీసేయాలి. రేకుల అంచులు గోధుమరంగు తిరిగి ఉంటాయి. మల్లెలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. కొద్దిగా ఉన్నంతసేపు అదే మత్తు, వాడిన పువ్వులో దాని మోతాదు పెరిగితే అదే కుళ్లు వాసన. మధ్యాహ్నం దాకా మరిచిపోతే ఆ రోజు ఎక్కిన పులిసిన వాసన తర్వాత ఎన్ని పూలు వేసినా పోదు.

పూలు తీశాక నువ్వులను పళ్లెంలో పోసి నీడలో అరగంట ఆరబెట్టి, మూతపెట్టండి. ఎండలో మాత్రం వద్దు, ఎక్కిందంతా ఎగిరిపోతుంది. సాయంత్రం కొత్త మొగ్గలతో మళ్లీ ఇదే. రెండో రోజు డబ్బా తెరిస్తే గుప్పున కొట్టే వాసన చూసి అయిపోయిందనుకుంటారు. అది డబ్బాలోని గాలి వాసన. నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి చూడండి, అప్పుడు తెలిసేదే అసలు లెక్క. మూడో రాత్రి తర్వాత కొంచెం, అయిదో రాత్రికి నిలిచే వాసన వస్తుంది.

గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు నెలలు ఉంటాయి. నలుగు పెట్టుకునే రోజు రెండు చెంచాల నువ్వులు అప్పటికప్పుడు నూరి, నాలుగు చెంచాల పెసరపిండి, చిటికెడు పసుపు కలపండి. ముందే నూరి పెట్టుకుంటే నూనె బయటపడి వారంలోపే ముక్క వాసన వస్తుంది. మూలికల కొట్లో ఇచ్చే సున్నిపిండి దినుసుల్లో బావంచాలు ఉంటే మాత్రం తీసేయండి. అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలే అవకాశం ఉంది.

ఇంకో మాట. మల్లెలను నేరుగా కొబ్బరినూనె సీసాలో వేసి ఎండలో పెట్టడం చాలామంది చేస్తారు. రేకుల్లోని నీరు నూనెలోకి దిగి, నాలుగైదు రోజుల్లో నూనె మసకబారి పాడవుతుంది. మల్లె పేరే తప్ప మల్లె వాసన ఉండదు.

వట్టివేళ్ల నీళ్లు, వట్టివేళ్ల మూట

మల్లెకు పూర్తిగా ఎదురు గుణం వట్టివేరుది. మల్లె అణువులు తేలికైనవి, ఒక రాత్రిలో ఎగిరిపోతాయి. వట్టివేరు నూనెలోవి బరువైనవి, నెమ్మదిగా వదులుతాయి. ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య పెట్టిన కట్ట ఏళ్లు గడిచాక కూడా నాలుగు చుక్కల నీళ్లు చల్లితే లేస్తుంది.

కొనేటప్పుడు ఒక వేరు విరిచి, విరిగినచోట తడివేలితో రుద్ది వాసన చూడండి. తడి మట్టీ, చెక్కా కలిసిన తియ్యటి వాసన రావాలి. రాకపోతే అది నూనె తీసేసిన పిప్పి. సన్నగా, పసుపు గోధుమరంగులో, పట్టుకుంటే కొంచెం మొండిగా ఉన్నవి మంచివి. అలంకరణ కోసం అమ్మే వట్టివేళ్ల దండలకు రంగులు, సెంటు కొట్టి ఉండొచ్చు. వాటిని తాగే నీళ్లలో వేయకండి.

అయిదు లీటర్ల కుండకు 10 నుంచి 15 గ్రాముల వేళ్లు చాలు. నాలుగైదు నీళ్లలో మట్టి దిగడం ఆగేవరకు కడిగి, గంటసేపు ఎండబెట్టి, పలచని గుడ్డలో వదులుగా మూటకట్టి రాత్రి కుండలో వేయండి. పొద్దునకు నీళ్లు సిద్ధం. మూటను తీసి, పిండి, ఎండలో ఆరేయండి, రాత్రికి మళ్లీ వేయొచ్చు. ఇలా నాలుగు రోజులు, ఆ తర్వాత కొత్త వేళ్లు. మూటను కుండలోనే వదిలేస్తే వేళ్లకు జిగురు పట్టి నీళ్లు చెరువు వాసన కొడతాయి. కొత్త కుండ అయితే ముందుగా ఒకరోజంతా నీళ్లు నింపి పారబోయాలి, లేకపోతే కుండ వాసన వేరును మింగేస్తుంది.

కిటికీకి తడక కట్టుకునేవాళ్లు గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి ఆ వైపే కట్టాలి. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడి తీసుకుంటాయి, చల్లదనం అందుకే. విజయవాడ, కాకినాడ వైపు ఉక్కపోత రోజుల్లో తడక వల్ల వాసన వస్తుంది గానీ చల్లదనం పెద్దగా రాదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం పొడి ఎండలకు తేడా బాగా తెలుస్తుంది.

తొలకరి వాసన, మూకుడులో

ఎండిన నేలమీద వాన పడగానే వచ్చే వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టింది ఆస్ట్రేలియాలో పనిచేసిన శాస్త్రవేత్తలు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్. 1964లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మొక్కల నుంచి వచ్చే నూనెల్లాంటి పదార్థాలను ఎండిన మట్టీ, రాళ్లూ పీల్చుకుని ఉంచుతాయి, తేమ తగిలితే వదులుతాయి. అయితే మన ముక్కుకు ఎక్కువగా తెలిసేది జియోస్మిన్. దీన్ని మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. లక్ష కోట్ల పాళ్లలో అయిదారు పాళ్లున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది.

ఇదే జియోస్మిన్ బీట్‌రూట్‌లో ఉంటుంది, చెరువు చేపల్లోనూ చేరుతుంది. ముంతలోంచి వస్తే హాయిగా పీల్చే వాసనను కంచంలో ఎవరూ ఒప్పుకోరు. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. చేపముక్కలను మజ్జిగలోనో నిమ్మరసంలోనో కాసేపు ఉంచడం, పులుసులో చింతపండు దట్టంగా పోయడం ఊరికే వచ్చిన అలవాట్లు కావు.

తొలకరి వాసనను ఎప్పుడంటే అప్పుడు రప్పించడానికి ఒక పాత మట్టి మూకుడు, పూత లేనిది, కావాలి. దాంట్లో రెండంగుళాల మందాన మట్టి నింపండి. ఏ మట్టి అన్నది ముఖ్యం: చెట్టు కింద ఆకులు రాలి మాగిన చోటిది, పైనున్న ఎండుటాకులు తీసేసి ఒక అంగుళం లోతు నుంచి తీసినది. ఇసుక, కొబ్బరిపీచు పొడి కలిపిన కుండీల మిశ్రమం ఇందుకు పనికిరావు. బాగా కాల్చిన కుండపెంకుల్లోంచి కూడా నీళ్లు పడితే ఒక వాసన వస్తుంది, కానీ ఆ వేడికి సూక్ష్మజీవులు చనిపోయి ఉంటాయి కాబట్టి మట్టి గాఢత ఉండదు.

మట్టిని గడ్డలు చిదిమి వారం పదిరోజులు ఎండలో ఉంచండి, రాత్రిపూట మంచు పడకుండా లోపలికి తీసుకోండి. తేమ తగ్గేకొద్దీ స్ట్రెప్టోమైసిస్ గట్టి సిద్ధబీజాలుగా (స్పోర్లుగా) మారుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు చెంచాల నీళ్లు గిన్నెలో తీసుకుని, వేళ్లు ముంచి, జానెడు పైనుంచి చినుకుల్లా చిలకరించండి. ముఖం అడుగు దూరంలో ఉంచితే మొదటి పది సెకన్లలోనే తెలుస్తుంది.

చెంబెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే ఆ వాసన రాదు. చినుకు పడినప్పుడు మట్టి రంధ్రాల్లోని గాలి బుడగలై పైకి లేచి పగిలి, సన్నని తుంపరను గాలిలోకి విసురుతుంది. అమెరికాలోని ఎంఐటీలో 2015లో దీన్ని వేగంగా తీసే కెమెరాలతో చూపించారు. తుంపర ఎక్కువగా లేచేది తేలికపాటి, మధ్యస్థం వానకే. జోరువానకు బుడగలు ఏర్పడే వ్యవధి ఉండదు. జడివాన కన్నా మొదటి నాలుగు చినుకులకే ఎక్కువ వాసన రావడానికి కారణం ఇదే.

ఒకసారి చల్లాక మూకుడును మళ్లీ వారం ఎండబెట్టాలి. తడిగా మూతపెట్టి ఉంచితే గాలి ఆడక మురుగు వాసన పడుతుంది, అప్పుడు ఆ మట్టి పెరట్లో పోసి కొత్తది తీసుకోవడమే. ఇంత శ్రమ వద్దనుకునేవారికి కన్నౌజ్ మట్టి అత్తరు ఉంది. ఎండిన మట్టిని కాల్చి, రాగి డేగ్ అనే బాన‌లో నీళ్లతో మరిగించి, ఆవిరిని వెదురు గొట్టం ద్వారా గంధపు నూనె ఉన్న పాత్రలోకి పంపి చేస్తారు. గంధం ఖరీదు వల్ల చాలా సీసాల్లో ఇప్పుడు వేరే నూనె ఉంటోంది, కొనేముందు అడగండి.

సాంబ్రాణి: పొగ తక్కువ, వాసన ఎక్కువ

అసలు సాంబ్రాణి స్టైరాక్స్ చెట్ల బంక, పెద్దభాగం ఇండోనేసియాలోని సుమత్రా నుంచి వస్తుంది. దాంట్లో సహజంగానే కొంత వెనిలిన్ (వెనిలా వాసననిచ్చే పదార్థం) ఉంటుంది, ఆ తీపి దానిదే. గుగ్గిలం వేరే చెట్టుది, ఘాటు ఎక్కువ, పొగా ఎక్కువ. రెండూ కలిపి ‘సాంబ్రాణి’ అని అమ్మడం మామూలే. చిన్న ముక్కను వేడి గరిటె మీద పెట్టి చూస్తే తీపి వాసన ముందొచ్చేది సాంబ్రాణి.

నాలుగు కొబ్బరిచిప్ప బొగ్గులు బాగా రాజేసి, పైన తెల్లటి బూడిద పొర కమ్మేవరకు ఆగండి. మంట ఉండగానే వేస్తే సాంబ్రాణి అంటుకుని మాడు వాసనతో నల్లపొగ వస్తుంది. కిరసనాయిలు పోసి రాజేసిన బొగ్గులు ఎంతసేపు ఆగినా పనికిరావు. సాంబ్రాణిని బరకగా, రవ్వంత పలుకులుగా దంచి అరచెంచా వేయండి. మెత్తటి పొడి గుప్పున పొగై అర నిమిషంలో అయిపోతుంది.

ఇంకా మంచి పద్ధతి, బొగ్గుల మీద చిన్న స్టీలు మూత బోర్లించి దానిపైన పలుకులు పెట్టడం. కాలకుండా కరుగుతాయి, పొగ బాగా తగ్గుతుంది, వాసన పావుగంట ఉంటుంది.

తలుపులన్నీ మూసిన గదిలో నిప్పుల కుండ పెట్టకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు, సాంబ్రాణి ఎంత బాగున్నా దాని సంగతి చెప్పదు. రెండు కిటికీలు తీసి, గది తిప్పి, కుండను బయట పెట్టేయండి. పసిపిల్లలకు స్నానం చేయించాక పొగ పట్టడం ఎంత పాత అలవాటైనా మానాల్సిందే. ఆ ఊపిరితిత్తులకు అది పొగ మాత్రమే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వాసనను వదిలి వట్టివేరుతో సరిపెట్టుకోవచ్చు.

గుమ్మం పక్కన తాకే మొక్క

మరువం, దవనం, తులసి: వీటికి వాసన ఆకు మీది సన్నని నూనె తిత్తుల్లో ఉంటుంది, తాకితే పగులుతాయి. కాబట్టి కుండీని చూడటానికి అందంగా ఉన్నచోట కాదు, వచ్చేపోయే చెయ్యి తగిలేచోట పెట్టాలి. మరువానికి ఆరంగుళాల కుండీ చాలు. పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయండి, అది చచ్చేది ఎండకు కాదు, అతి ప్రేమకు. పూత కనిపిస్తే తుంచేస్తే ఆకు బాగా వస్తుంది.

దాచిపెట్టడం

పోయినవారి చీర, పంచె, దుప్పటి వాసన నిలపాలంటే ఉతకకుండా, పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు వెడల్పు మూత గాజుసీసాలో పెట్టి బిగించండి. ప్లాస్టిక్ డబ్బా తన వాసన ఇస్తుంది, లోపలిది బయటికి వదులుతుంది. చెక్కపెట్టె అయితే కొన్నాళ్లకు చీరకు పెట్టె వాసన వస్తుంది. సీసాను ఎండ తగలని అరలో ఉంచండి. తీసిన ప్రతిసారీ కొంత పోతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించొద్దు. నిత్యం తీయాలనిపిస్తే జాకెట్టుగుడ్డంత ముక్క విడిగా చిన్న సీసాలో పెట్టుకుని దాన్నే తెరవండి. మీద పేరు, తేదీ రాయండి.

విదేశాలకు వెళ్లేవాళ్లు మట్టి సంచిలో పెట్టుకోవద్దు. చాలా దేశాలు మట్టిని రానివ్వవు. అమెరికాకు పచ్చి కరివేపాకు కూడా కుదరదు. నిమ్మజాతి చెట్ల తెగులును మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుందని ఆపుతారు. ఎండు వట్టివేళ్లు తీసుకెళితే ఫారంలో రాసి చూపించాలి, ఉంచేదీ తీసేదీ అధికారుల నిర్ణయం. అక్కడి అపార్ట్‌మెంట్లలో సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగి పైఅంతస్తు వాళ్లంతా కిందికి దిగుతారు. పైన చెప్పిన బోర్లించిన మూత పద్ధతిని బొగ్గు లేకుండా, కరెంటు ధూపపు గిన్నెతో చేసుకోండి.

వాసన తగ్గినప్పుడు

కోవిడ్ తర్వాతో, గట్టి జలుబు తర్వాతో ముక్కు పనిచేయడం తగ్గినవాళ్లకు ఒక సాధన ఉంది. 2009లో జర్మనీలో పరీక్షించిన పద్ధతిలో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలు వాడారు. నాలుగు చిన్న సీసాల్లో దూది పెట్టి ఒక్కోదానిమీద ఒక్కో నూనె రెండు మూడు చుక్కలు వేయండి. పొద్దునా రాత్రీ ఒక్కో సీసా 10 నుంచి 20 సెకన్లు, గట్టిగా పీల్చకుండా చిన్నచిన్నగా వాసన చూడాలి. చూసేటప్పుడు ఆ వస్తువును మనసులో తలుచుకోవాలి. ఒక సీసాకూ ఇంకోదానికీ మధ్య అర నిమిషం. కనీసం 12 వారాలు. మొదటి నెలలో ఏమీ తెలియకపోవడం మామూలే. మధ్యలో కాఫీ మాడినట్టు, ఉల్లిపాయ కుళ్లినట్టు అనిపిస్తే భయపడి ఆపొద్దు, నరాలు తిరిగి కుదురుకునేటప్పుడు అలా అవుతుంది. ఏ జలుబూ లేకుండా ఉన్నట్టుండి వాసన పోయినా, ఒక ముక్కురంధ్రానికే పోయినా ముక్కు చెవి గొంతు డాక్టరుకు చూపించుకోవాలి.

పన్నెండు వారాల తర్వాత నాలుగూ మార్చి కొత్తవి పెట్టుకుంటే ఇంకా ఉపయోగం. అప్పుడు మీ జాబితాలోవే తీసుకోండి: మల్లె నువ్వులు, వట్టివేరు, నలిపిన కరివేపాకు, ఇంగువ. దూదీ సరుకూ నెలకోసారి మార్చండి. కరివేపాకు మాత్రం ఏరోజుకారోజు తాజాది కావాలి. ఇంగువ సీసాను మిగతా మూడిటికీ దూరంగా వేరే గదిలో ఉంచండి. ఒకే పెట్టెలో పెడితే వారం తిరక్కుండా నాలుగు సీసాల్లోనూ ఇంగువే.